ఐదు స్టార్లే పట్టించాయి: 2023 గుడ్‌రీడ్స్ ముసుగు ఖాతాల కేసు

2023 డిసెంబరు మొదటి వారంలో షీరాన్ జే జావ్ అనే రచయిత ట్విటర్‌లో ఒక చురక వేశారు. అప్పటికే ట్విటర్ పేరు ఎక్స్‌గా మారింది. తొలి పుస్తకం రావలసిన ఒక రచయిత, పాఠకులు పుస్తకాలకు ఐదింట ఇన్ని స్టార్లని రేటింగు ఇచ్చే గుడ్‌రీడ్స్ సైటులో, తోటి కొత్తవాళ్ల పుస్తకాలకు దొంగ ఖాతాలతో ఒంటి స్టార్లు వేస్తున్నారనీ, అవే ఖాతాలతో సొంత పుస్తకాన్ని జాబితాల్లో పైకి నెట్టుకుంటూ దొరికిపోయారనీ దాని సారాంశం. పేరు చెప్పలేదు. తర్వాత రోజుల్లోనే 31 పేజీల స్క్రీన్‌షాట్ల దస్త్రం బయటికొచ్చింది. అందులోని ఖాతాలన్నీ ఒకే పుస్తకం వైపు వేలు చూపించాయి. అది కేట్ కోరేన్ అనే అమెరికన్ రచయిత తొలి నవల. పెంగ్విన్ రాండమ్ హౌస్‌కు చెందిన డెల్ రే దాన్ని 2024 మేలో తేవలసి ఉంది. బ్రిటన్ హక్కులు డాఫ్నీ ప్రెస్‌వి. చందాదారులకు పెట్టెల్లో పుస్తకాలు పంపే ఇల్యుమిక్రేట్ కూడా ఆ నవలను ఎంచుకుంది.

డిసెంబరు 11 నాటికి డెల్ రే ఆ నవలను తన 2024 జాబితాలోంచి తీసేసింది. డాఫ్నీ ప్రెస్ తప్పుకుంది, ఇల్యుమిక్రేట్ తప్పుకుంది, కోరేన్ తరఫు ఏజెంటు తెగతెంపులు చేసుకున్నారు. డిసెంబరు 12న కోరేన్ తప్పు ఒప్పుకుంటూ ప్రకటన పెట్టారు. సుమారు ఆరు ఖాతాలు తానే తెరిచాననీ, అంతకుముందు 2022లో కూడా రెండు తెరిచాననీ, సొంత పుస్తకానికి రేటింగు పెంచి, తోటి కొత్త రచయితల పుస్తకాలకు తగ్గించి, కొన్నిచోట్ల దారుణమైన మాటలు రాశాననీ అందులో ఉంది. దెబ్బ తిన్నవాళ్లలో ఎక్కువమంది తెల్లజాతికి చెందనివాళ్లు. ఒకరు అదే డెల్ రే రచయిత, అంటే ఒకే ప్రచురణ సంస్థవాళ్లు. ప్రకటనలో తన మానసిక ఆరోగ్యం గురించీ, వ్యసనం గురించీ కోరేన్ చెప్పుకున్నారు. ఆ సంగతి వైద్యులది. ఈ విశ్లేషణకు దానితో పనిలేదు.

మొదటి చురకకూ ఒప్పుకోలుకూ మధ్య గడిచింది వారం, మహా అయితే ఒకరోజు అటూ ఇటూ. ఇంత తొందరగా తేలిన కేసులు అరుదు. ఎందుకు తేలిందో, అలా తేలడంలో ఎక్కడెక్కడ అదృష్టం కలిసొచ్చిందో చూడటం అసలు పని.

వేదిక ఎక్కడ సందు ఇచ్చింది

గుడ్‌రీడ్స్‌లో ఖాతాకు ఒక ఈమెయిల్ చాలు. పుస్తకం కొన్నట్టో చదివినట్టో చూపించక్కర్లేదు. మాట రాయకుండా ఉత్త స్టారు వేసి పోవచ్చు. అచ్చుకు నెలల ముందే రేటింగు తెరిచి ఉంటుంది. దీనికి న్యాయమైన కారణమే ఉంది. ప్రచురణకర్తలు సమీక్షకులకు ముందస్తు ప్రతులు పంపుతారు, వాళ్ల అభిప్రాయం విడుదలకు ముందే రావాలి కదా. ముందస్తు ప్రతి చేతికి అందినవాళ్లకు తెరిచిన తలుపులోంచి ఎవరైనా దూరవచ్చు.

కొత్త రచయితకు నష్టం ఎంతంటే, లెక్క వేసి చూడండి. ఒక పుస్తకానికి 20 రేటింగులు, సగటు 4.4 అనుకుందాం. మొత్తం 88 స్టార్లు. ఆరు ఒంటి స్టార్లు కలిస్తే 94ను 26తో భాగించాలి. సగటు 3.62కు పడిపోతుంది. అదే వెయ్యి రేటింగులున్న పుస్తకానికి అవే ఆరు తగిలితే 4.4 కాస్తా 4.38 అవుతుంది, ఎవరి కంటికీ ఆనదు. కాబట్టి ఈ ఆయుధం పేరున్న రచయిత మీద పనిచేయదు. ఇప్పుడిప్పుడే మొలకెత్తుతున్నవాళ్ల మీదే పనిచేస్తుంది. వేసేవాళ్లకీ ఆ సంగతి తెలుసు.

గుంపుగా వచ్చి పడే దాడి వేరు. అదే ఏడాది జూన్‌లో ఎలిజబెత్ గిల్బర్ట్ సైబీరియా నేపథ్యంలో రాసిన నవలను ప్రకటించగానే, రష్యా యుద్ధం నేపథ్యంలో వందల ఒంటి స్టార్లు కుప్పపడ్డాయి. పుస్తకాన్ని అప్పటికి పాఠకులెవరూ చూడలేదు. కొద్ది రోజులకే ఆమె దాని విడుదలను నిలిపేశారు. ఇలాంటివి చూశాకే 2023 అక్టోబరు చివర గుడ్‌రీడ్స్ ఒక ప్రకటన చేసింది: అసాధారణంగా రేటింగులు వెల్లువెత్తితే ఆ పుస్తకానికి తాత్కాలికంగా రేటింగు ఆపుతామని. మంచిదే. కానీ ఆరు ఖాతాలు వెల్లువ కావు. నాలుగు రోజుల్లో ఆరు స్టార్లు పడితే ఏ యంత్రమూ గంట కొట్టదు. వెల్లువను పట్టే వల చినుకును పట్టదు. ఆ ప్రకటన వచ్చిన ఐదారు వారాలకే ఈ కేసు బయటపడటం దానికి తగిన వ్యాఖ్య.

పట్టించింది తిట్టు కాదు, పొగడ్త

ఒంటి స్టారును విడిగా చూస్తే దానిలో సాక్ష్యమేమీ లేదు. నచ్చలేదు, వేశారు, అంతే. ఆ హక్కు ఎవరికైనా ఉంది. ఈ కేసులో ముడి విప్పింది ఆ ఖాతాలు వేసిన ఐదు స్టార్లూ, జాబితాల్లో వేసిన ఓట్లూ. గుడ్‌రీడ్స్‌లో పాఠకులు కట్టే జాబితాలుంటాయి: 2024లో ఎదురుచూస్తున్న పుస్తకాలు, ఫలానా తరహా తొలి నవలలు, ఇలా. ఓటు పడేకొద్దీ పుస్తకం పైకి వెళ్తుంది. ఎవరెవరు ఓటేశారో ఆ జాబితా పేజీలోనే కనిపిస్తుంది. ఇది చాలామందికి తెలియదు, ముసుగు వేసుకున్నవాళ్లకు మరీ. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే.

ఇది కొత్త సంగతి కాదు. 2010 ఏప్రిల్‌లో బ్రిటిష్ చరిత్రకారుడు ఓర్లాండో ఫైజెస్ అమెజాన్‌లో 'హిస్టోరియన్' అనే మారుపేరుతో తోటి చరిత్రకారుల పుస్తకాలను తీసిపారేసి, తన పుస్తకాన్ని ఆకాశానికెత్తుకున్న సంగతి బయటపడింది. ఆ ఖాతాకున్న ఇంకో పేరులో తన మొదటి పేరూ, తాను పనిచేసే బిర్క్‌బెక్ కాలేజీ పేరూ కలిసి ఉన్నాయి. 2012లో ఆర్.జె. ఎలరీ అనే నేర నవలల రచయిత కూడా మారుపేర్లతో సొంత పుస్తకాలకు పూలు, ఇతరుల పుస్తకాలకు రాళ్లు వేస్తూ దొరికారు. మూడు కేసులకూ ఒకే వేలిముద్ర: శత్రువుకు వేసిన రాయి కాదు, తనకు వేసుకున్న పూలదండ. ఉత్త కసితో రాయి వేసి ఊరుకున్నవాణ్ణి పట్టుకోవడం చాలా కష్టం. ఆశపడినవాణ్ణి పట్టుకోవడం సులువు.

పట్టిక ఎలా కట్టాలి

ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు మొదటి గంట భద్రపరచడానికి వాడాలి, వాదించడానికి కాదు. ఎవరైనా పబ్లిక్‌గా ఒక్క మాట అన్నారంటే గంటలో ఖాతాలు మాయమవుతాయి.

ఒక్కో ఖాతాకూ తీసుకోవలసినవి: ప్రొఫైల్ చిరునామా, అందులోని అంకె, చేరిన నెల, మొత్తం రేటింగుల సంఖ్య, ఇచ్చిన రేటింగుల సగటు, మిత్రుల సంఖ్య, ఓటు వేసిన జాబితాలు. వీటిలో అంకె ముఖ్యం. పేరూ బొమ్మా నిమిషంలో మార్చుకోవచ్చు, ఆ అంకె మారదు. పైగా అంకెలు వరుసగా కేటాయిస్తారు గనక, రెండు ఖాతాల అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే రెండూ దాదాపు ఒకే సమయంలో పుట్టాయని అర్థం. స్క్రీన్‌షాట్‌లో పైన చిరునామా, కింద తేదీ, గడియారం కనబడాలి. కత్తిరించకూడదు. కత్తిరించిన బొమ్మను ఎదుటివాళ్లు మొదట కొట్టేది "మిగతాది ఎక్కడ?" అనే. అదే పేజీని, వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో కూడా దాచాలి. మీ ఫోన్‌లో ఉన్నది మీ సాక్ష్యం, అక్కడున్నది మూడో మనిషి సాక్ష్యం.

తర్వాత పట్టిక. అడ్డంగా పుస్తకాలు, నిలువుగా ఖాతాలు, గడిలో స్టార్లూ తేదీ. పుస్తకాలను మూడు గుంపులు చేయాలి: దెబ్బ తిన్నవి, లాభపడ్డది, ఇక మూడోది ఉత్త అలంకారం. అలంకారం అంటే, ఖాతా నిజమైనదిగా కనబడాలని పేరున్న పుస్తకాలకు గబగబా వేసిన నాలుగైదు స్టార్లు. అవన్నీ తరచుగా ఒకేరోజు, పదినిమిషాల తేడాలో పడి ఉంటాయి. నిజమైన పాఠకుడి అరలో అలా ఉండదు, మధ్యలో వదిలేసిన పుస్తకం ఒకటీ రెండూ, మూడు స్టార్ల మొహమాటాలూ ఉంటాయి.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఒకే తరహా సాహిత్యం చదివేవాళ్ల అరలు సహజంగానే ఒకలా ఉంటాయి. కొత్త ఫాంటసీ నవలల కోసం ఎదురుచూసే ఇద్దరు పాఠకులు ఒకరినొకరు ఎరగకపోయినా సగం పుస్తకాలు కలుస్తాయి. అందుకే పోల్చడానికి మామూలు ఖాతాలు కావాలి. అనుమానం ఉన్నవి ఆరైతే, అవే పుస్తకాలకు తక్కువ రేటింగు ఇచ్చిన మామూలు ఖాతాలు కనీసం ఆరు తీసుకోవాలి, పన్నెండైతే మేలు. అందరూ చదివే ప్రసిద్ధ పుస్తకాలను పట్టికలోంచి తీసేయాలి. తర్వాత జతజతకూ కలిసిన భాగం లెక్కగట్టాలి. ఉదాహరణకు మొదటి ఖాతా 14 పుస్తకాలకు, రెండోది 12కు రేటింగు ఇచ్చాయి, అందులో 9 ఉమ్మడి అనుకుంటే, మొత్తం వేర్వేరు పుస్తకాలు 17. తొమ్మిదిని పదిహేడుతో భాగిస్తే 0.53. అనుమానపు ఖాతాల మధ్య ఈ సంఖ్య అలా ఉండి, మామూలు ఖాతాల మధ్య 0.1 దగ్గర తచ్చాడుతుంటే అప్పుడు మాట్లాడటానికి ఏదో ఉంది. రెండు గుంపులకూ ఒకేలా వస్తే ఆ దస్త్రాన్ని అక్కడే మూసేయాలి. మూసేయగలగడం ఈ పనిలో సగం నైపుణ్యం.

రాత శైలి కలిసింది, అక్షరదోషాలు కలిశాయి, ఇద్దరూ అర్ధరాత్రి రాస్తారు: ఇవన్నీ తోడుగా పెట్టుకోవచ్చు గానీ వీటి మీద నిలబడకూడదు. శైలిని బట్టి దొంగను పట్టానన్నవాళ్లు అమాయకులను ఊరి మీదకు లాగిన సందర్భాలు ఎక్కువ.

పట్టిక ఎంత గట్టిగా ఉన్నా ఒక గీత దాటదు. ఈ ఖాతాలన్నీ ఫలానా పుస్తకానికి లాభం చేస్తున్నాయి అన్నదాకా అది చెప్పగలదు. రచయితే చేశారని చెప్పలేదు. వీరాభిమాని కావచ్చు. రచయితంటే గిట్టనివాళ్లు ఆ రచయితకు ఐదు స్టార్లు వేసి, పక్కవాళ్లకు ఒంటి స్టార్లు వేసి ఇరికించనూ వచ్చు. ఏ కంప్యూటర్ నుంచి, ఏ ఐపీ చిరునామా నుంచి ఖాతా నడిచిందో వేదిక దగ్గరే ఉంటుంది. కోరేన్ కేసులో కూడా 31 పేజీల దస్త్రం లాభం ఎవరిదో చూపింది. చెయ్యి ఎవరిదో తేల్చింది వేరే సంగతి.

లిల్లీ అనే మిత్రురాలు

నింద పాకగానే, కొత్త రచయితల అంతరంగిక చాట్ బృందంలో కోరేన్ ఒక సంభాషణ స్క్రీన్‌షాట్లు పంచారు. లిల్లీ అనే స్నేహితురాలు తనమీద అభిమానంతో ఈ పని చేసిందనీ, తాను ఆమెను మందలించాననీ ఆ సంభాషణ చెబుతుంది. అదంతా కల్పించిందే. లిల్లీ అభిమానుల బృందాల్లో తిరిగే మనిషన్నారు, కానీ ఆ బృందాలవాళ్లెవరికీ ఆమె తెలియదు. ఎప్పుడూ ఎక్కడా ఒక్క మాట రాసిన గుర్తు లేదు.

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం మనకు తెలిసిన సామెతే. ఆన్‌లైన్‌లో భుజాలు తడుముకోవడానికి మనుషులు స్క్రీన్‌షాట్లు తయారుచేస్తారు, ఆ తయారీలోనే దొరుకుతారు. ఖాతాలను వెతికినవాళ్ల దగ్గర అప్పటిదాకా ఉన్నది పరోక్ష సాక్ష్యం. ఆ చాట్‌తో ప్రత్యక్ష సాక్ష్యాన్ని నిందితులే చేతికిచ్చారు. ఫైజెస్ కూడా ఇదే మెట్లు ఎక్కారు: ముందు లాయరు ద్వారా ఖండన, తర్వాత తన భార్య రాసిందన్న మాట, చివరికి ఒప్పుకోలు. 2010 జులైలో నష్టపరిహారం, ఖర్చులు కట్టారు.

కాబట్టి ఎవరైనా "నేను కాదు, నా స్నేహితులు" అంటే వాదించక్కర్లేదు. మూడు ప్రశ్నలు చాలు. ఆ స్నేహితులు స్వయంగా ఒక మాట రాయగలరా? వాళ్ల ఖాతా ఈ గొడవకు ముందు ఎక్కడైనా కనబడిందా? ఆ చాట్ అసలు యాప్‌లో తెరిచి, పైకీ కిందకీ జరిపి వీడియో తీసి చూపగలరా? స్క్రీన్‌షాట్ తయారుచేయడం పది నిమిషాల పని. పాత సందేశాలు, తేదీలు, స్పందనలతో సహా కదిలే చాట్‌ను తయారుచేయడం అంత సులువు కాదు. అసలు యాప్ ఎవరి ఫోన్‌లో ఉందన్నది కూడా ఆ వీడియోతో తెలుస్తుంది.

ఫిర్యాదు రాసే తీరు

గుడ్‌రీడ్స్‌లో ఒక్కో రివ్యూకూ ఫిర్యాదు మీట ఉంటుంది. దాన్ని నొక్కడం తప్పనిసరే, కానీ అది ఒక్క రివ్యూను విడిగా చూపిస్తుంది, గుంపును చూపించదు. గుంపు కనబడాలంటే ఒకే ఉత్తరంలో ఖాతాల అంకెలు, పట్టిక, ఒక పేరా విషయం పెట్టి పంపాలి. అడగవలసింది "ఈ రివ్యూలు తీసేయండి" అని కాదు. "ఈ ఆరు ఖాతాలను ఒకే మనిషి నడుపుతున్నారేమో మీ దగ్గరున్న సమాచారంతో పరిశీలించండి" అని. మొదటిది రచయిత గోలలా వినబడుతుంది. రెండోది వాళ్లు చేయగల పని.

కారణం కూడా వేదిక భాషలోనే ఉండాలి. "ఇది అబద్ధం", "ఇది అన్యాయం" అన్న ఫిర్యాదులు తిరిగివస్తాయి, ఎందుకంటే అన్యాయమైన అభిప్రాయానికి నిషేధం లేదు. 2013 సెప్టెంబరులో గుడ్‌రీడ్స్ నియమం మార్చింది. పుస్తకం గురించి కాకుండా రచయిత ప్రవర్తన గురించే రాసిన రివ్యూలను తీసేస్తామంది. సమీక్షకుల్లో దానిమీద పెద్ద రభస జరిగింది, కొందరు ఖాతాలు మూసుకుని వెళ్లిపోయారు. నియమం మాత్రం నిలిచింది. కాబట్టి రివ్యూలో రచయిత ఒంటి రంగు మీదో కుటుంబం మీదో మాట ఉంటే ఆ వాక్యాన్నే ఎత్తి చూపాలి.

ఇంకొకటి. గుడ్‌రీడ్స్ లెక్కలో రెండు స్టార్లంటే 'ఫర్వాలేదు' అని, మూడంటే 'నచ్చింది' అని. తెలుగు బడిలో నూటికి నలభై అంటే అత్తెసరు గనక మనవాళ్లకు రెండు స్టార్లు అవమానంలా తోస్తాయి. నిజాయితీగా రెండు స్టార్లు వేసిన సమీక్షకుణ్ణి ముసుగు ఖాతాల పట్టికలో చేర్చారంటే పట్టిక మొత్తానికీ విలువ పోతుంది. ఎదుటివాళ్లు ఆ ఒక్కణ్ణి పట్టుకుని మిగతా ఐదుగురినీ కడిగేస్తారు.

డబ్బడిగే బెదిరింపు ఈమెయిళ్లు వస్తే అది మరో దారి. ఫలానా మొత్తం పంపకపోతే ఒంటి స్టార్లతో ముంచేస్తామని రచయితలను బెదిరించే ముఠాల గురించి 2021లో టైమ్ పత్రిక రాసింది. వాటిని రివ్యూ గొడవగా చూడకూడదు, దోపిడీగా చూడాలి. జవాబివ్వకుండా, ఆ ఈమెయిల్‌ను హెడర్లతో (ఎక్కడి నుంచి ఏ దారిన వచ్చిందో చెప్పే వివరాలతో) సహా దాచి పోలీసు ఫిర్యాదుకు జతపరచాలి. ఒకసారి డబ్బు కట్టినవాళ్ల పేరు వాళ్ల జాబితాలో పైకి వెళ్తుంది, అంతే.

రచయితే వేటగాడైనప్పుడు

ఇదంతా ఖాతాల గురించి. ఖాతా వెనకున్న మనిషి గురించి వెతకడం మొదలైతే కేసు తిరగబడుతుంది. 2014 అక్టోబరులో గార్డియన్ పత్రికలో కాథ్లీన్ హేల్ అనే అమెరికన్ రచయిత్రి ఒక వ్యాసం రాశారు. తన నవలను ఘాటుగా విమర్శించిన ఒక సమీక్షకురాలు మారుపేరుతో, అరువు తెచ్చుకున్న జీవితంతో రాస్తోందని అనుమానించి, ఇంటి చిరునామా సంపాదించి గుమ్మం దాకా వెళ్లిన వైనం, ఆఫీసుకు ఫోన్ చేసిన వైనం తానే చెప్పుకున్నారు. అది చదివాక పుస్తక బ్లాగర్లు చాలామంది కొన్ని రోజులపాటు కొత్త పుస్తకాల సమీక్షలు ఆపేశారు. వాళ్ల భయం సమంజసమే. మారుపేరుతో రాయడం నేరం కాదు. మన సాహిత్యమే సగం మారుపేర్ల మీద నడిచింది. ఒకే మనిషి ఆరు పేర్లతో ఆరు ఓట్లు వేయడం మోసం. ఒకే మనిషి ఒకే మారుపేరుతో ఘాటుగా రాయడం విమర్శ. ఈ రెండింటినీ కలిపేసిన చోటల్లా అన్యాయం జరిగింది.

కోరేన్ కేసులో పట్టిక కట్టినవాళ్లు ఈ విషయంలో చాలావరకు హద్దులో ఉన్నారు. వాళ్లు చూసినవన్నీ బహిరంగ పేజీలు. కానీ 31 పేజీలనూ నేరుగా లోకం ముందు పెట్టడం వల్ల, ఒప్పుకోలు రాకముందే వేలమంది తీర్పు చెప్పేశారు. ఒప్పుకోలు వచ్చింది గనక అది న్యాయంగా కనబడుతోంది. రాకపోయి, నిజంగానే ఎవరో ఇరికించి ఉంటే? అప్పుడు అదే దస్త్రం అసలు దాడి అయ్యేది. వెతికినవాళ్లను తప్పు పట్టడం కష్టం. వేదిక వేళకు వినదని రచయితల్లో నమ్మకం ముదిరినప్పుడు పంచాయితీ రచ్చబండ ఎక్కుతుంది. అయినా మధ్యేమార్గం ఒకటుంది: దస్త్రాన్ని ముందు వేదికకు, సంబంధిత ప్రచురణకర్తకు పంపి, 48 గంటలో 72 గంటలో గడువు పెట్టి, తర్వాతే బయట పెట్టడం. బయట పెట్టేటప్పుడు పోలికకోసం వాడిన మామూలు ఖాతాల పేర్లు నల్లగా కప్పేయాలి. వాళ్లు సాక్షులు కూడా కారు.

ప్రచురణకర్త వైపు నుంచి చూస్తే నిర్ణయం కష్టమైనదేమీ కాదు. దెబ్బ తిన్నవాళ్లలో తమ రచయితే ఒకరు, కొట్టింది తమ రచయితే. ఇద్దరి పుస్తకాలనూ ఒకే కేటలాగులో పక్కపక్కన అచ్చువేయడం కుదరదు. ఆ ఖాతాల రివ్యూలను గుడ్‌రీడ్స్ తీసేసింది, దాంతో సగటులు సర్దుకున్నాయి. సగటును చూసి ముందే మనసు మార్చుకున్న పాఠకులెందరో ఎవరూ లెక్కగట్టలేరు.

ఆంధ్ర, తెలంగాణల్లో ఇదే జరిగితే

తెలుగు పుస్తకానికి అమెజాన్‌లో కానీ గుడ్‌రీడ్స్‌లో కానీ రేటింగులు పది ఇరవై దాటడం గగనం. పన్నెండు రేటింగులతో 4.5 సగటున్న కథల సంపుటికి మూడు ఒంటి స్టార్లు పడితే అది 3.8 అవుతుంది. ఇక్కడ ఆరు ఖాతాలు కూడా అక్కర్లేదు, ఒక ఇంట్లోని మూడు ఫోన్లు చాలు. మన అసలు గొడవలు ఫేస్‌బుక్ బృందాల్లో, వాట్సాప్‌లో జరుగుతాయి. అక్కడ స్టార్లు లేవు, వ్యాఖ్యల గుంపులుంటాయి. పట్టిక పద్ధతి మాత్రం అదే: ఎవరు ఎవరి పోస్టు కింద ఎప్పుడు వచ్చారు, ఎవరి పుస్తకాన్ని ఎప్పుడూ మెచ్చుకుంటారు.

పోలీసుల దాకా వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఫిర్యాదులో ఐటీ చట్టం 66ఏ రాసుకొస్తుంటారు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. వేరొకరి పేరుతో, బొమ్మతో ఖాతా తెరిచి మోసం చేస్తే 66డి ఉంది. పరువునష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది, దానికి పోలీసులు నేరుగా కేసు కట్టరు, మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు వేసుకోవాలి. స్క్రీన్‌షాట్లు కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తింపు సంకేతం) కూడా నింపాలి. మొదటి గంటలో కత్తిరించకుండా దాచమన్నది ఇందుకు కూడా.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దొంగ రివ్యూలను నిషేధిస్తూ చేసిన నియమం 2024 అక్టోబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. మనదగ్గర బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) 2022లో ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది, అది స్వచ్ఛందంగానే మొదలైంది.

వీటన్నిటికంటే పనికొచ్చేది పాతది. 1860 నాటి శిక్షాస్మృతి 499వ సెక్షన్‌లో పరువునష్టానికి మినహాయింపులున్నాయి, 356వ సెక్షన్‌లోకి అవే వచ్చాయి. ఆరో మినహాయింపు కింద ఇచ్చిన ఉదాహరణల్లో పుస్తకం కూడా ఉంది. పుస్తకం ప్రచురించినవాడు దాన్ని జనం తీర్పుకు పెట్టినట్టే, అంటుంది మొదటిది. నాలుగోది ఇంకా స్పష్టం: ఫలానావాడి పుస్తకం తెలివితక్కువది, కాబట్టి వాడు బలహీనుడై ఉండాలి అని సద్బుద్ధితో అంటే మినహాయింపు వర్తిస్తుంది, ఎందుకంటే మనిషి గురించి అన్న మాట పుస్తకంలో కనబడినంత మేరకే. అదే మాటను తిరగేసి, వాడు బలహీనుడు, లంపటుడు, కాబట్టి వాడి పుస్తకం తెలివితక్కువదీ అశ్లీలమైనదీ అయినందుకు నాకు ఆశ్చర్యం లేదు అంటే వర్తించదు. రెండు వాక్యాల్లోనూ తిట్టు దాదాపు ఒకటే, దారే వేరు. పుస్తకంలోంచి మనిషి దాకా వెళ్లిన వ్యాఖ్యను బృందం నిర్వాహకులు ఉంచవచ్చు. మనిషితో మొదలై పుస్తకం మీద పడిన వ్యాఖ్యను తీసేయవచ్చు, తీసేసేటప్పుడు కారణంగా ఈ ఉదాహరణనే అతికించవచ్చు.